అద్దంతో తగవుపడే పిచ్చిక

ఈ ఫోటో పొద్దున గాంధీపురంలో నా అంగడి ముందు తీసింది. నా స్కూటర్ అద్దంలో తన నీడనే చూసి, ఎవడో పరాయి పిచ్చిక వచ్చిందని యుద్ధం చేస్తున్న వీరుడు ఇతడే.

చూడగానే వాడిపట్టిలో మా అవ్వ ఇల్లు కళ్ళముందుకొచ్చింది. మన వయసువాళ్ళకు గుర్తుంది కదా, పిచ్చికలు గుడ్లు పెట్టే రోజుల్లో గోడ అద్దానికి తుండుగుడ్డ కప్పేవాళ్ళు. "గుడ్డ తియ్యొద్దురా! పాపం, తన మూతి తానే పొడుచుకొంటా ఉండాది" అని అవ్వ అరిచేది. అద్దం చూడకుండా దువ్వుకొని, పాపిడి చెవి మీదికి జారినా అలాగే బడికి పోయేవాణ్ణి. అప్పుడు వసారా నిండా పిచ్చికలే. ఇప్పుడు మా వీధి మొత్తానికి ఈ ఒక్క జంటే మిగిలింది.

వాటి గూడు నా అంగడి బోర్డు వెనక, గోడ బొక్కలో ఉంది. నిన్న బిల్డింగ్ ఓనర్ వచ్చి, "అణ్ణా, రేపు మేస్త్రి వచ్చి ఆ బొక్కను సిమెంటుతో మూసేస్తాడు" అన్నాడు.

"లోపల పిల్లలుండాయి. అవి ఎగిరినాకనే మూయి."

"పిచ్చికలకు నేనేమన్నా బాడుగకిచ్చినానా?" అని నవ్వాడు.

పొద్దున ఈ ఫోటోను "మీ కొత్త బాడుగదారు" అని అతనికి వాట్సాప్‌లో పంపాను. వెంటనే నన్ను బ్లాక్ చేశాడు. వాళ్ళమ్మ నంబరు నా దగ్గరుందని మరిచిపోయాడు. గూడు సంగతి చెప్పి ఆమెకు పంపితే వాయిస్ మెసేజ్ వచ్చింది: "మొదలు ఆ అద్దానికి గుడ్డ కప్పు నాయనా. మావాణ్ణి నేను చూసుకొంటా."

గుడ్డ కప్పి, స్కూటర్‌ను బోర్డు కిందనే నిలబెట్టి, దాని మీద కూర్చున్నాను. మేస్త్రి నిచ్చెన వేయాలంటే ముందు నన్ను జరపాలి. నేను జరగను.