తరుగు పోయిన లెక్క

"...పేపరంతా సున్నాలు తెచ్చుకునేదానికి ఇంకా బడెందుకు మేడం? మిరపకోతకైనా అక్కరకొచ్చిద్ది."

"ఏడో తరగతి పిల్లని పనిలో పెట్టకూడదు మల్లీశ్వరమ్మా."

"మరి మీరు పెట్టింది సున్నాలేగా!"

హెడ్‌మిస్ట్రెస్ నందినికి ఆ మాట గుచ్చుకుంది. సున్నాలు పెట్టింది నిజంగా తనే. లెక్కల మాస్టారు మరియదాసుకిస్తే పేపర్లు వేసవి సెలవులకు కూడా తెమలవు. ఆయనకు ఒకటే జబ్బు. తప్పు కనిపిస్తే దిద్దడు, "ఎట్టా వచ్చింది?" అని అడుగుతాడు. సరైన జవాబు కనిపిస్తే ముఖం వేలాడేస్తాడు.

మాచర్ల వెళ్లాల్సిన ఆయన్ని ఓసారి ఆటో షౌకత్ గురజాలలో దింపాడు. మరియదాసు తిట్టలేదు. మళ్లీ అదే ఆటో ఎక్కి, ఏ మలుపు దగ్గర ఏమనుకున్నావో చూపించమని వెనక్కి తిప్పించాడు. మాచర్లలో ఆ రోజు ఆయన మరదలి పెళ్లి. భోజనాలకు అందాడు.

ఆయా దుర్గమ్మ టీలో ఉప్పు వేసిన రోజు స్టాఫంతా ఉమ్మేశారు. ఆయన మాత్రం, "ఎట్టా వచ్చింది దుర్గమ్మక్కా? మళ్లీ పెట్టు, చూస్తా" అన్నాడు. రెండోసారీ ఉప్పుటీయే వచ్చింది; ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒకేలా ఉన్నాయి. మర్నాడు పంచదారకు ఎర్రమూత డబ్బా కొనుక్కొచ్చాడు.

ఇప్పుడాయన మల్లీశ్వరి కూతురు పావని లెక్కల పేపరు పట్టుకుని, బహుమతి తగిలినవాడిలా గదిలోకి వచ్చాడు. పిల్లేమో తల్లి వెనకాల నేల చూస్తూ నిలబడి ఉంది.

"నలభై కిలోల మిరపకాయల టిక్కీలు ఐదు. మొత్తం నూట తొంభై ఐదు కిలోలు. ఎట్టా వచ్చిందమ్మా?"

"మాస్టారూ, ఇప్పుడొద్దు," అంది నందిని.

పావని తల్లి వెనక నుంచి ముందుకొచ్చింది. "టిక్కీకి కిలో తరుగు పోద్ది కదా సార్. కాటా కాడ టిక్కీ సంచి బరువని మా కాయకి తీసేస్తారు."

"మరి ఈ పత్తి లెక్కలో?"

"దానికీ తీశా."

"మామిడికాయల బుట్టకి?"

"బుట్టకి మాత్రం బరువుండదా సార్?"

మల్లీశ్వరి నందిని వైపు తిరిగింది. "తరుగు తియ్యకుండా లెక్కేంది మేడం? ఏ కాటా కాడ తూస్తారట్టా?"

నందిని పేపరు అందుకుని, ప్రతి లెక్కకూ తరుగు కలిపి చూసింది. ఒక్కటీ తప్పలేదు.

"రేపు క్లాసు తరుగుతోనే మొదలుపెడతా," అన్నాడు మరియదాసు. "ముందు మొత్తం, ఆ తర్వాత తరుగు. పావని బోర్డు కాడ చెప్పిద్ది." ఇక ఈ పిల్ల తప్పులు చెయ్యదేమోనని ఆయన కొంచెం దిగులుపడ్డాడు.

మల్లీశ్వరి కొంగు దోపుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపు కోతకి నేనొక్కదాన్నే పోతా."