గాజు గదిలో అన్నప్రాసన

రెండేళ్ళ క్రితం, కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన వారంలో, నేను గోదావరి మీద తిరిగే ఒక టూరిస్టు పడవలో లౌంజ్ మేనేజరుగా చేరాను. రాజోలు వైపు రేవులో పొద్దున్నే బయల్దేరి, వశిష్ఠ పాయ వెంట అంతర్వేది దాకా వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చే రెండంతస్తుల పడవ అది. అంతకు ముందు సముద్రం మీద తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడల్లో ఇదే పని చేశాను. నడుము ఒప్పుకోకపోవడంతో ఇప్పుడు రెండూ మానేసి రిటైరయ్యాను. జుట్టు ఇంకా నల్లగానే ఉండడం వల్ల మా ఊళ్ళో ఈ మాట ఎవరూ నమ్మరు. "రిటైరయ్యేరా, తీసేసేరా అండీ?" అని మర్యాదగానే అడుగుతారు.

లౌంజ్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఓడలో ఖరీదైన గదులు తీసుకున్నవాళ్ళకి మాత్రమే తలుపు తెరుచుకునే హాలు అది. మెత్తటి సోఫాలుంటాయి, అడక్కుండానే కాఫీ వస్తుంది. అక్కడ కాఫీలు అందించే స్టూవార్డు, అతని పైన సూపర్‌వైజరు, ఆయన పైన హోటల్ మేనేజరు ఉంటారు. ఓడని కెప్టెన్ చూసుకుంటాడు, ఎక్కిన మనుషుల్ని హోటల్ మేనేజరు చూసుకుంటాడు. రెండో ఉద్యోగమే కష్టం, ఎందుకంటే సముద్రం ఫిర్యాదు రాయదు.

ఆ లౌంజ్‌లలో చాలావాటికి పిల్లల్ని రానివ్వరు. దీని మీద ప్రతి ప్రయాణంలోనూ ఒక తగువు ఉండేది. మా పిల్లాడికీ టిక్కెట్టు కొన్నాం కదా అని తల్లిదండ్రులు. పిల్లలకి దూరంగా కూర్చోవడానికే కదా అంత డబ్బు పోసింది అని మిగతావాళ్ళు. ఇద్దరి మాటా నిజమే కావడం ఆ ఉద్యోగంలో ఉన్న ఇబ్బంది. నేను చాలా దేశాల పిల్లల్ని లౌంజ్ గుమ్మంలోంచే వెనక్కి పంపాను. తల్లిదండ్రులు ఒక్కొక్కరు ఒక్కో భాషలో తిట్టేవారు. పిల్లలు మాత్రం అందరూ ఒకే భాషలో ఏడ్చేవారు.

మా గోదావరి పడవలో పై అంతస్తు ముందు భాగంలో చుట్టూ గాజు పలకలు బిగించి, ఏసీ పెట్టి, సోఫాలు వేసి, దాన్నే లౌంజ్ అన్నారు. టిక్కెట్టు విడిగా తీసుకోవాలి. యజమాని గారు రొయ్యల చెరువుల్లో మిగిలినదంతా తెచ్చి ఈ పడవలో పోశారు. రొయ్యల కంటే ప్రయాణికులు కాస్త నయంగా బతుకుతారని ఆయన ఆశ. ఓడల పద్ధతి తెలిసినవాణ్ణని నన్ను పెట్టుకున్నారు. చేరిన రోజే నేను ఒక చిన్న ప్లాస్టిక్ బోర్డు చేయించి, లోపల గుమ్మం పక్కనున్న బల్ల మీద నిలబెట్టాను. "పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం లేదు." యజమాని గారు చూసి, రూలు బాగుందన్నారు. ఎవరినీ బాధపెట్టకుండా అమలు చెయ్యమన్నారు. ఒళ్ళు తడవకుండా గోదారి ఈదమన్నట్టే.

ఆ వారంలోనే ఒక రోజు లౌంజ్‌లో ఇద్దరే ఉన్నారు. అమలాపురం నుంచి వచ్చిన మూర్తి గారు, ఆయన భార్య సుశీల గారు. ఆవిడకి చెవి ఆపరేషన్ జరిగి ఎంతో కాలం కాలేదు. గట్టి శబ్దం వింటే తల తిరుగుతుంది. ఇంటి పక్కన కల్యాణ మండపం, అది కూడా పెళ్ళిళ్ళ సీజను. ఒక్క పూటైనా నిశ్శబ్దంగా కూర్చోవాలని ఈ లౌంజ్ తీసుకున్నారు. మూర్తి గారు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నా బోర్డుని దస్తావేజు చదివినట్టు చదివి, సంతృప్తిగా తలాడించారు.

కింది అంతస్తులో ఒక పెద్ద కుటుంబం ఎక్కింది. వాళ్ళ పెద్ద దిక్కు మంగమ్మ గారు. ఆవిడ కూతురు లలిత కొడుక్కి అంతర్వేది గుళ్ళో అన్నప్రాసన. మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. ఆ మేనమామ శ్రీను, మంగమ్మ గారి కొడుకు, ఆ సాయంత్రమే ఖతర్ వెళ్ళిపోతున్నాడు. అంతర్వేదిలో అతని కోసం కారు సిద్ధంగా ఉంది. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండు లోపు. లెక్కప్రకారం గంట ముందే గుళ్ళో ఉండాలి.

లెక్క ఎక్కడ తప్పిందంటే, రేవులోనే. వర్జ్యంలో పడవ ఎక్కకూడదని మంగమ్మ గారు గట్టు మీద కూర్చున్నారు. ఆవిడతో పాటు చుట్టాలందరూ కూర్చున్నారు. వర్జ్యం వెళ్ళింది, లేచారు. ఎవరో తుమ్మారు. మళ్ళీ కూర్చుని మంచినీళ్ళు తాగారు. మంచి ఘడియ కోసం వాళ్ళు ఇలా ఆగుతుంటే గోదావరి ఆగలేదు. సముద్రం దగ్గరి పాయల్లో రోజూ నీరు ఎక్కుతుంది, తీస్తుంది. ఎక్కితే పోటు, తీస్తే పాటు. మేం బయల్దేరేసరికి పాటు మొదలైంది. సగం దూరం వెళ్ళాక పడవ అడుగు ఇసుక మేటకి ఆనుకుని, పెళ్ళిపీట మీద కూర్చున్నంత స్థిరంగా కూర్చుంది.

పడవ నడిపే సరంగు ఇంజను ఆపేసి, మళ్ళీ పోటు వస్తేనే కదిలేది, అప్పటికి ఒంటి గంట దాటుతుందని చెప్పాడు. ప్రమాదం ఏమీ లేదు. నడుం లోతు నీళ్ళు, అటూ ఇటూ కొబ్బరి తోటలు. అయినా కింద ఓడ మునిగినంత గోల లేచింది. కాసేపటికి శ్రీను మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. వెనకే మంగమ్మ గారు.

"ఏవండీ మేనేజరు గారూ, ముహూర్తం దాటిపోతందండి. ఇక్కడే కానిచ్చేస్తాం. మీ గాజుగది ఓ పావుగంట ఇప్పించండి," అన్నాడు.

కిందే చేసుకోవచ్చు కదా అన్నాను.

"ఎక్కడ చేసుకోమంటారండి? కింద చేపల పులుసు వడ్డిస్తన్నారు. ఆ నీచు వాసనలోనా పసోడి నోట్లో మొదటి ముద్ద పెట్టేది?" అన్నారు మంగమ్మ గారు. "పోనీ పడవ ముందరికెళ్దారంటే గాలి. దీపం వెలిగిత్తే మూడుసార్లు ఆరిపోయింది. ఇంకోసారి ఆరితే నేను చూళ్ళేనండి."

పిల్లలకి ప్రవేశం లేదని బోర్డు చూపించాను. శ్రీను దాన్ని చదివాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"రెండేళ్ళ కాంట్రాక్టండి. మధ్యలో రానివ్వరు. నేనొచ్చేసరికి ఈడు నన్ను చూసి 'ఈయనెవరండీ' అంటాడు. ఆ మొదటి ముద్దొక్కటీ నా చేత్తో పెట్టానని చెప్పుకోడానికుంటదండి."

అంత చిన్నపిల్లాడు అంత మర్యాదగా అడగడని నాకు తెలుసు. మిగతాదంతా నిజమే.

ఇలాంటప్పుడు పై అధికారికి చెప్పడం పద్ధతి. యజమాని గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, రూలు మార్చవద్దన్నారు. మంగమ్మ గారిని కాదనవద్దన్నారు. చెరువు మీద ఉన్నానని చెప్పి పెట్టేశారు. మా ఉద్యోగంలో దీన్ని పూర్తి అధికారాలు ఇవ్వడం అంటారు.

లోపలికి వెళ్ళి మూర్తి గారికి విషయం చెప్పాను. ఆయన బోర్డు వైపు చెయ్యి చూపించారు.

"ఇది మేం పెట్టలేదండి, మీరు పెట్టేరు. చదివేం, నమ్మేం, డబ్బు కట్టేం. ఆరు నెలల పిల్లాడు పన్నెండేళ్ళ లోపు వాడా, కాదా?"

అవునన్నాను.

ఓడల్లో మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఫిర్యాదు ఒకరు చేస్తారు, ఇబ్బంది ఇంకొకరు పడతారు. ఇబ్బంది పడేవాళ్ళనే అడగాలి. చెవిలో దూదితో, కళ్ళు మూసుకుని కూర్చున్న సుశీల గారి దగ్గరికి వెళ్ళి, వంగి, మెల్లగా అంతా చెప్పాను. పిల్లాడు ఏడవడని హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను.

ఆవిడ కళ్ళు తెరిచి గాజు తలుపు వైపు చూశారు. అప్పటికి చుట్టాలందరూ మెట్లెక్కి తలుపుకి ఆనుకుని నిలబడ్డారు.

"పసివాడి ఏడుపెంతండీ, ఇంతుంటుంది," అని ఆవిడ వేళ్ళతో కొలిచి చూపించారు. "వాడు ముద్ద మింగేడనుకోండి, అప్పుడు వీళ్ళందరూ అరుస్తారు చూడండి, అదీ నా భయం. వాణ్ణి రానివ్వండి. వీళ్ళని రానివ్వకండి."

నా ఉద్యోగ జీవితంలో విన్న ఆదేశాలన్నిటిలోకీ ఇది కొత్తది. పిల్లలకి ప్రవేశం, పెద్దలకి నిషేధం. అయినా అమలు చెయ్యడం తేలికే. గుమ్మంలో నిలబడి షరతులు చెప్పాను. పిల్లాడు, తల్లి, మేనమామ, అమ్మమ్మ. మిగతా అందరూ గాజుకి అవతల. ఫోన్లు అవతల. మాటలు గుసగుసల్లో.

"గుసగుసలంటే ఎలాగండీ, శుభకార్యం కదా!" అన్నారు మంగమ్మ గారు. ఆ మాట అవతలి గట్టు దాకా వెళ్ళి ఉంటుంది. అప్పటికి పన్నెండు కావడానికి ఎంతో లేదు. శ్రీను తల్లి మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, నా కోసం," అన్నాడు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చారు.

గుమ్మం పక్కనున్న బల్ల మీద బోర్డుని ఓ పక్కకి జరిపి, తుడిచి ఇచ్చాను. గాలి లేకపోవడంతో దీపం నిలబడింది. లలిత కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వెండి గిన్నెలో పాయసం. శ్రీను బంగారపు ఉంగరం అందులో ముంచి వాడి నోటి దగ్గర పెట్టాడు. వాడు నోరు గట్టిగా మూసుకుని, మేనమామ వైపు రిజిస్ట్రారు ఆఫీసు చూపు చూశాడు.

గాజుకి అవతల చుట్టాలు మూగసైగలతో సలహాలు మొదలుపెట్టారు. కుడిచెయ్యి అని ఒకరు. తూర్పు వైపు తిప్పమని ఒకరు. ఒక పెద్దాయన నోరు బార్లా తెరిచి, ఎలా తినాలో పిల్లాడికి గాజులోంచి చేసి చూపిస్తున్నారు. లోపల ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. శ్రీను ఉంగరం మళ్ళీ పాయసంలో ముంచాడు. రెండోసారి ప్రయత్నించాడు, పాయసం గడ్డం మీద పడింది. అన్న మొహం చూడలేక లలిత కిటికీ వైపు తిరిగింది. మంగమ్మ గారు గోడ గడియారం చూశారు. మూర్తి గారు ఎప్పుడు సోఫా అంచుకి జరిగారో నేను గమనించలేదు.

మూడోసారి శ్రీను ఉంగరం పక్కన పెట్టి, వేలితో పాయసం తీసి, వాడి కింది పెదవి మీద రాశాడు. వాడు నాలుక బయట పెట్టి రుచి చూశాడు. ఆలోచించాడు. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు. శ్రీను ముద్ద పెట్టాడు. వాడు మింగాడు.

"తిన్నాడు! తిన్నాడండోయ్!"

గది అదిరిపోయింది. అరిచింది మూర్తి గారు.

సుశీల గారు రెండు చేతులతో చెవులు మూసుకుని, భర్త వైపు చూశారు. సంసారం చేసినవాళ్ళకి ఆ చూపు వివరించక్కర్లేదు. ఆయన నెమ్మదిగా లేచి, తలుపు తీసుకుని, తనంతట తానే చుట్టాల్లో వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళు ఆయనకి చోటిచ్చారు. ఆ మధ్యాహ్నం నా లౌంజ్‌లోంచి బయటికి వెళ్ళాల్సి వచ్చిన మనిషి ఆయనొక్కరే.

తరవాత పిల్లాడి ముందు వస్తువులు పెట్టే ఆచారం. పుస్తకం, కలం, బంగారం లాంటివి పరిచి వదిలితే, వాడు పట్టుకున్నదాన్ని బట్టి పెద్దయ్యాక ఏమవుతాడో చెబుతారు. తెచ్చుకున్న సామాను కింద సంచుల్లో ఉండిపోవడంతో నా కలం, లౌంజ్ మెనూ కార్డు, శ్రీను ఉంగరం బల్ల మీద పెట్టారు. పిల్లాడు వాటి మీదుగా వంగి, ఆ పక్కనే ఉన్న నా బోర్డు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

"చట్టం పట్టుకున్నాడు! జడ్జీ అవుతాడు!" అన్నారు మంగమ్మ గారు, కొంగు చాటునుంచే.

నాకు తెలిసినంతలో వాడికి పళ్ళొస్తున్నాయి.

ఒంటి గంట దాటాక పోటు ఎక్కింది. పడవ లేచింది. అంతర్వేదిలో శ్రీను అందరికంటే ముందు దిగాడు. మేనల్లుడి నోరు తుడిచిన రుమాలు ఉతక్కుండా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కారెక్కాడు. సుశీల గారు తిరుగు ప్రయాణంలో నిద్రపోయారు. మూర్తి గారు రేవు వచ్చేదాకా మునివేళ్ళ మీదే నడిచారు.

లౌంజ్‌లోకి పిల్లల్ని రానివ్వాలా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నా జవాబు ఇది. లౌంజ్‌లో మేం అమ్మేది సోఫా కాదు, నిశ్శబ్దం. దాన్ని కాపాడటానికి వయసు మంచి కొలత కాదు, గుమ్మంలో చూడగానే తేలిపోయే కొలత, అంతే. అందుకే ఓడలు దాన్ని వాడుకుంటాయి. చేతనైతే, నిశ్శబ్దం కొనుక్కున్న మనిషిని ముందు అడగాలి. ఆ మనిషి వద్దంటే పసివాడైనా బయటే ఉండాలి. ఆ రోజు సుశీల గారు వద్దని ఉంటే నేను శ్రీనుని మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పంపేవాణ్ణి, అది కూడా సరైన పనే అయ్యేది.

మర్నాడు చొంగ తుడిచి చూస్తే బోర్డు మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. కొత్తది రాయించాను. "గట్టిగా మాట్లాడేవారికి, వయసుతో నిమిత్తం లేకుండా, ప్రవేశం లేదు."

యజమాని గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"ఆయ్, బాగానే ఉందండి," అన్నారు. "కానీ ఇలాగైతే మన వైపు నుంచి ఎవరెక్కుతారండీ?"