సంచుల్లేని షికారు

సమ్మక్క. యాభై ఎనిమిదేళ్లు. ఎక్కడికి పోయినా సంచుల పక్కన కూర్చుంటుంది.

మా అత్తమ్మ ఆమె. పెళ్లయినా, ఎగ్జిబిషనయినా, దవాఖానయినా అంతే. మేడారం జాతరకు పోతే ఇంటిల్లిపాదీ జంపన్నవాగులో మునిగి, సెల్ఫీలు దిగి, తిరిగొచ్చేదాకా గుడారం ముందు సంచులకు ఆమే కాపలా. చివర్లో ఎవరికో ఒకరికి గుర్తొచ్చి, "అమ్మా, నువ్వు గూడ ఓ చెంబెడు పోసుకొని రాపో" అంటారు. అదీ ఆమె జాతర.

ఆ అలవాటు నేను మాన్పించాను. ఎట్లా మాన్పించానో మాత్రం అడగకండి. సరే, అడుగుతారు కాబట్టి నేనే చెబుతాను.

తప్పంతా నా వ్యాసానిది. నేను పనిచేసే పత్రికలో ఈ సంచుల కాపలా మీదే, నా ఫొటోతో సహా, పేజీలకు పేజీలు రాశాను. ఆడదాన్ని ఎవరూ కాపలా ఉండమని ఆజ్ఞాపించరు, "నువ్వెట్లాగూ కూసున్నవ్ గదా" అంటారు, ఆ ఒక్క మాటతోనే ఆమె బతుకు తెల్లారుతుంది అని తేల్చేశాను. మా ఆయన రవి చదివి, "మా అమ్మ పేరు రాయలేదు గని, చీర రంగు దాకా రాసినవ్" అన్నాడు.

అప్పుడే క్రిస్మస్ సెలవులొచ్చాయి. ఏడో తరగతి చదివే మా అక్షర, హైదరాబాద్ దగ్గర ఉన్న థీమ్ పార్కుకు పోదామని పట్టుబట్టింది. పోదాం! కానీ ఈసారి అత్తమ్మ అన్ని రైడ్లూ ఎక్కాలి. ఎట్లా? సంచులుంటేనే కదా కాపలా! సంచులే వద్దు!

"మరి బట్టలు?" అన్నాడు రవి.

"ఒంటిమీద ఉన్నాయి కదా."

"తడిస్తే?"

"ఎండకు ఆరుతాయి."

"అమ్మా, ఇది డిసెంబరు" అంది అక్షర.

విప్లవాలు వాతావరణం చూసి వస్తాయా? అత్తమ్మ కవర్లో కట్టిన అప్పాలు తీసి మళ్లీ డబ్బాలో పోశాను. తువ్వాలలు బీరువాలో పెట్టాను. ఆమె నడుముకు దోపుకున్న చిన్న గుడ్డసంచిని చేత్తో పట్టుకొని, "గిది గూడ తియ్యాల్నా?" అంది.

"అదీ సంచే కదా అత్తమ్మా!"

"గిది సంచి గాదు బిడ్డా. నా నడుము."

అక్కడొక్క చోటే తగ్గాను.

హన్మకొండలో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, రవి ఒక్కడే టికెట్టు కొన్నాడు. చేతులూపుకుంటూ పార్కులో అడుగుపెడుతుంటే, సంచులు మోస్తూ వస్తున్న ఆడవాళ్లను చూసి నాకు జాలేసింది. ఆ జాలి గుర్తుపెట్టుకోండి.

గేటు దాటగానే అత్తమ్మ ఆగిపోయింది. తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూస్తోంది.

"గదేంది పిల్లా?"

"రోలర్ కోస్టర్, నానమ్మా."

"నన్ను ఎక్కనిస్తరా?"

చూశారా! ఈమెకు ఏదో కావాలని అనిపించడం, దాన్ని నోరు తెరిచి అడగడం, నా కాపురం మొత్తంలో నేను విన్నది అదే మొదటిసారి. చెయ్యి పట్టుకొని క్యూలో నిలబెట్టాను. తీరా మా వంతు వచ్చాక అక్కడున్న అమ్మాయి, "చీరతోని ఎక్కనియ్యం అమ్మా, చుట్టుకుంటది" అంది.

అత్తమ్మ ఏమీ అనుకోలేదు. "తియ్ పిల్లా. మీరు ఎక్కుండ్రి, నేను సంచుల కాడ కూసుంట" అని వెనక్కి తిరిగింది. సంచుల్లేవు! పాపం, ఎక్కడ కూర్చోవాలో తెలియక, అక్కడే నిలబడిపోయింది.

"పదండి అత్తమ్మా, చీరతో ఎక్కేది వేరే ఉంది" అని పడవ దగ్గరికి లాక్కుపోయాను. అక్కడ బోర్డు మీద ఇంతింత అక్షరాలతో 'తడుస్తారు' అని ఉంది. ఓ నాలుగు చినుకులు పడతాయేమో అనుకున్నాను. పడవ నెమ్మదిగా ఎత్తుకు పోయింది, అక్కడ ఒక్క క్షణం ఆగింది, తర్వాత సీదా కిందికి దూకింది! చెరువు లేచి మా మీద పడ్డట్టయింది. నా ముక్కులో నీళ్లు, చెవుల్లో నీళ్లు. రవి కళ్లజోడు అక్షర ఒళ్లో. అత్తమ్మ మాత్రం కళ్లు మూసుకొని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. అయ్యో, చంపేశానా?

అత్తమ్మ కళ్లు తెరిచింది. "ఇంకోపారి తిప్పుతరా?"

అప్పటికి మబ్బు పట్టింది. చలిగాలి మొదలైంది. తడిసిన చీర అత్తమ్మ కంటే బరువుంది. నలుగురం పళ్లు కొట్టుకుంటూ పార్కులోని దుకాణంలోకి పరుగెత్తాం. పెద్దవాళ్ల సైజులో దొరికింది ఒకటే రకం. పసుపుపచ్చ టీషర్టు, దానికి జత పాంటు, రెంటి మీదా నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఏనుగు. నలుగురమూ అవే వేసుకున్నాం. అత్తమ్మ గదిలోంచి బయటికొచ్చి అద్దం ముందు నిలబడింది. రెండు కాళ్లూ విడివిడిగా ఎత్తి చూసుకుంది.

"గిప్పుడు ఎక్కనిస్తరు గదా?" అంది.

ఎందుకెక్కనియ్యరు! కానీ తడిబట్టలు? నాలుగు ప్లాస్టిక్ కవర్లయ్యాయి, ఒక్కోటి బియ్యం బస్తాలాగుంది. ఎవరో ఒకరు కూర్చోవాలి. "రవీ, కూర్చో" అన్నాను. సూత్రం అంటే సూత్రమే. కవర్ల పక్కన కూర్చున్నాడు.

విమోచన ఉద్యమ నాయకురాలిగా అత్తమ్మ పక్క సీట్లో నేనే ఎక్కాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. తలకిందులుగా ఉన్నప్పుడు మేడారం సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కినట్టు గుర్తు. అక్కడ బంగారమంటే బెల్లమే, అయినా నిలువెత్తు బెల్లం అంటే మాటలా! పక్కన అత్తమ్మ చేతులు గాల్లోకి లేపి కేకలు పెడుతోంది. దిగాక నేను పూలకుండీలో వాంతి చేసుకొని, కవర్ల పక్కన కూలబడ్డాను.

రవి అదే అదనుగా లేచాడు. "జర సూస్కో. నువ్వెట్లాగూ కూసున్నవ్ గదా!"

తిడదామంటే నోరు తెరిచే స్థితిలో లేను. మూడు పసుపుపచ్చ ఏనుగులూ పరుగెత్తుకుంటూ పోయాయి.

కాసేపటికి నెక్కొండ నుంచి వచ్చిన ఒకామె ఆగింది. "అక్కా, మీరెట్లాగూ కూసున్నరు గదా, మా బ్యాగు జర సూత్తరా?" ఆమె వెనకే ఇంకొకామె టిఫిన్ డబ్బాల బుట్ట దించింది. ఆమె వెనక ఎవరిదో స్ట్రోలర్. లోపల పిల్ల లేదు, నేను చూశాను.

చివరికి ఒకమ్మాయి వచ్చింది. నా ముఖం చూసి ఆగింది. ఏనుగును చూసి అనుమానపడింది. మళ్లీ ముఖం చూసింది.

"మేడం! సంచుల కాపలా మీద రాసింది మీరే గదా? మా హసన్‌పర్తి హాస్టల్ల అందరం చదివినం! మస్తు రాసిన్రు మేడం!"

"థాంక్సమ్మా."

"కండ్లు తెరిపిచ్చిన్రు" అంటూ భుజానికున్న బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టింది. "రెండు నిమిషాల్ల వస్త మేడం."

వచ్చింది, పార్కు మూసే టైముకు.

అత్తమ్మ రోలర్ కోస్టర్ ఎన్నిసార్లు ఎక్కిందో తెలియదు. అక్షర లెక్క మరిచిపోయింది. తిరుగు బస్సులో కండక్టర్ మా నలుగుర్నీ చూసి, "ఏ స్కూలు?" అన్నాడు. అత్తమ్మ నడుము సంచిలోంచి ఆధార్ కార్డు తీసి చూపించి, "మా కోడలు స్కూలు" అంది.

ఆ తర్వాత మేడారం జాతరొచ్చింది. గుడారం ముందు సంచులు దింపామో లేదో, అత్తమ్మ అందరికంటే ముందు జంపన్నవాగుకు బయలుదేరింది. పోతూ పోతూ నాతో, "నువ్వెట్లాగూ కూసున్నవ్ గదా" అంది.

అప్పటికి నేనింకా నిలబడే ఉన్నాను.