బర్రె మీద ఒట్టు

మా ఛత్రినాకలో ఎవరికైనా జబ్బు చేసిందంటే ముందుగా బాగుపడేది బ్రెడ్డు అమ్మే దుకాణం. రోగిని చూడటానికి వచ్చేవాళ్ల చేతిలో ఒక బ్రెడ్డు పాకెట్టు, నాలుగు అరటిపండ్లు ఉండి తీరాలి. అమ్మను పెద్ద దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు సాయంత్రానికే మా ముందుగదిలో బ్రెడ్డు గుట్ట లేచింది. అమ్మ అప్పటికే అన్నం ముట్టడం లేదు. ఆ బ్రెడ్డంతా తిన్నవి వెనక కొట్టంలోని మా బర్రెలు.

వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రానట్టే ఉత్త నోటితో కూడా రారు. ఒకరు బొప్పాయి ఆకు రసం తాగించమన్నారు. ఇంకొకరు బహదూర్‌పురాలో పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నాడన్నారు. చివరికి అందరూ గొంతు తగ్గించి, అమ్మకు స్పష్టంగా వినపడేటట్టు అడిగేది ఒకటే: "మరి ఇంటికెందుకు తెచ్చిండ్రు?" అంటే, పిల్లలు చేతులు దులుపుకున్నారా అని.

నిజానికి ఇంటికి తెచ్చింది మేం కాదు, అమ్మే. కాలేయంలో గడ్డ పుట్టి పక్కలకు పాకింది. ఇక నయం కాదని పెద్ద డాక్టరు, అమ్మ వింటుండగానే, అన్నకూ నాకూ కంప్యూటరు వైపు చూస్తూ చెప్పాడు. ఊపిరి అందకపోతే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టవచ్చు, ట్రై చేద్దాం అన్నాడు. అమ్మ పాలు అమ్మి మమ్మల్ని సాకిన మనిషి. పాలలో నీళ్ల గురించి వాడకట్టంతటితో జీవితాంతం లొల్లి పెట్టుకున్న మనిషి. ఎదుటివాళ్ల మాటలో నీళ్లెన్నో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

"గా మిషిన్ పెడితె నేను మల్ల లేస్తనా సారూ?"

"అది చెప్పలేం అమ్మా."

"మా బర్లకాడికి నడిసి పోతనా?"

డాక్టరు మళ్లీ కంప్యూటరు వైపు చూశాడు. అమ్మ నా వైపు తిరిగింది. "ఇంటికి నడువుండ్రి. ఎట్లయినా పురానాపూల్ శ్మశానానికే గద పోవుడు. నడుమల గీడ దిగుడెందుకు?"

అట్లా వచ్చేశాం. ఇంటికే వచ్చి చూసే ఒక నర్సమ్మను దవాఖానవాళ్లే కుదిర్చారు. ఆమె నొప్పికి మార్ఫిన్ మందు ఇచ్చి, ఆయాసం వస్తే ఎంత పోయాలో, ఎట్లా కూర్చోబెట్టాలో నాకు నేర్పింది. నొప్పి తగ్గింది. అమ్మ నిద్రపోయింది, లేచింది, కోడలి వంట మీద వంకలు పెట్టింది. నా వరకు ఇంతకంటే కావలసింది ఏమీ లేదు.

అన్న వరకు అట్లా కాదు. అన్న బస్ డిపోలో పనిచేస్తాడు. పెద్ద మీసం, పెద్ద గొంతు. గల్లీలోకి పోయి వచ్చినప్పుడల్లా ముఖం ముడుచుకొని వచ్చేవాడు. "నలుగురేమంటరు చెల్లే? తల్లిని ఇంట్ల పండవెట్టి సూస్తుండ్రంటరు." పాడె మొయ్యడానికి నలుగురు దొరకాలని అందరికీ ఫికర్ ఉంటుంది. మా అన్నకు మాత్రం పాడె కంటే ముందు మాట్లాడే నలుగురి గురించే ఫికర్.

ఆ నలుగురి తరఫున మా మేనత్త వచ్చి మంచం పక్కనే మకాం వేసింది. ఆమె భర్త ఈ మధ్యనే ఐసీయూలో పోయాడు. ఆ సంగతి ఆమె కూతురి పెళ్లి ముచ్చట చెప్పినట్టు చెబుతుంది. "మా ఆయనకైతె ఏం తక్వ జెయ్యలె. ముక్కుల పైపు, నోట్ల పైపు, మెడల పైపు. సుట్టాలందరు అద్దంలకెల్లి సూసిపోయిండ్రు."

అమ్మ అంతా శ్రద్ధగా విన్నది. "ఆఖరుకు నీతోని ఏమన్నడు వదినె?"

"నోట్ల పైపుంటె ఏమంటడే?" అని అత్త టక్కున ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు చూసింది. ఆ మనిషి ఏదైనా చెప్పాలనుకున్నాడేమోనన్న ఆలోచన ఆమెకు అప్పటిదాకా రాలేదేమో, పాపం. అయినా చాయ్ తాగి మళ్లీ అన్న పక్షానికే పోయింది.

కొడుకు సంగతి అమ్మకు తెలుసు. ఒకనాడు పొద్దున పిలిచి ఒట్టు వెయ్యమంది. ఏం జరిగినా దవాఖానకు తీసుకుపోనని, గొట్టాలు పెట్టించనని. అన్న ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టమ్మా" అనేశాడు. మరీ తొందరగా అన్నాడు. మాలో ఎవరి మీద ఒట్టు వేసి తప్పితే కీడు వాళ్లకే తగులుతుంది. అమ్మ ఆ చెయ్యి తీసేసింది.

"నా మీద ఏసిన ఒట్టు తప్పితె ఏమైతది?"

అన్న మీసం సవరించుకున్నాడు. అమ్మే చెప్పింది.

"నేను సస్త. ఎట్లయిన సస్తనే ఉన్న. నీకేం పోయింది? గీ ఒట్టు చెల్లదు. కొట్టంలకు నడువ్."

చెరో రెక్క పట్టుకొని నడిపించాం. మా నల్ల బర్రె అప్పుడు నిండు చూడిది. డ్యూటీ నుంచి రాగానే అన్న పెళ్లాన్ని పలకరించడం మరిచిపోయినా దాని గంగడోలు నిమరడం మరిచిపోడు.

"దీని మీద ఎయ్యి" అంది అమ్మ.

"కడుపుతోని ఉన్నదే అమ్మా! గట్లెట్ల ఏస్త?"

"నా మీదైతె టక్కున ఏస్తివి గదరా!"

అన్న ముఖం చూసి నాకు నవ్వు ఆగలేదు. అమ్మకూ ఆగలేదు. నవ్వితే పక్కలో నొప్పి లేచి తవుడు బస్తా మీద కూలబడింది, అయినా నవ్వుతూనే ఉంది. చివరికి అన్న బర్రె వీపు మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగాడు. అమ్మ మళ్లీ గట్టిగా చెప్పించింది.

బర్రె ఇంకా ఈననే లేదు, ఒక మధ్యాహ్నం అమ్మకు ఎగశ్వాస పట్టుకుంది. నర్సమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టే మందు పోసి, వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టి, ఫ్యాను ముఖం మీదికి తిప్పాను. మందు పట్టడానికి కొంచెం సేపు పడుతుందని ఆమె చెప్పింది. ఆ కొంచెం సేపు అన్న ఆగలేకపోయాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

సైరన్ వినగానే వాడకట్టంతా మా గడప ముందుకొచ్చింది. అందరి ముఖాల్లో ఎంత నిమ్మళం! "ఇప్పటికన్న తీస్కపోతుండ్రు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. స్ట్రెచరు గుమ్మం దాకా వచ్చాక అన్నకు బర్రె గుర్తొచ్చింది. స్ట్రెచరుకూ కొట్టానికీ మధ్య నిలబడిపోయాడు.

ఒట్టు సంగతి చెబితే అత్త తడుముకోలేదు. "ఒట్టు దీసి గట్టు మీద పెట్టు. ఆషాఢంల బర్రె పేరు మీద అమ్మోరికి ఒక బోనం ఎత్తుదాం." ఎందుకైనా మంచిది, ఒక కోడిపుంజును కూడా మొక్కమని పక్కింటాయన సలహా. ఒట్టు బర్రె ఒక్కదానికేనా, కడుపులో దూడకు కూడా తగులుతుందా అని ఇంకొకరికి సందేహం. దాని మీద రెండు పార్టీలయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "లోపల మనిషున్నది!" అని అరిచాను. ఎవరూ వినలేదు, ఎందుకంటే అప్పటికి దూడ పార్టీ గెలుస్తోంది.

ఇంతలో మందు పట్టి అమ్మ ఊపిరి కొంచెం కుదురుకుంది. అన్నను రమ్మని చెయ్యి ఊపింది.

"ఎవలకోసం తీస్కపోతవ్ రా? నలుగురి కోసమా?"

అన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మీసాలు నెరిసిన మనిషి, అమ్మ చీర అంచు పట్టుకున్నాడు.

"నా కోసం" అన్నాడు. "నువ్వు లేకుంట నేనెట్ల ఉండాల్నే?"

అన్నను ఎన్నో మాటలన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆ మాటకు మాత్రం నా దగ్గర ఎకసెక్కం లేదు. ఏడుపొచ్చింది.

అమ్మ ఆగి ఆగి మాట్లాడింది. "ఉంటవ్ బిడ్డా. మా అమ్మ పోయిన్నాడు నేను గూడ గిట్లనే అనుకున్న. ఉన్న గద! అందరుంటరు."

అన్న తువ్వాలతో ముఖం తుడుచుకొని బయటికి పోయాడు. "వాపస్ పో భాయ్" అన్నాడు డ్రైవరుతో. ఏమైంది, ఎందుకు పంపుతున్నావని జనం అన్న మీద పడ్డారు.

"మా అమ్మ వద్దన్నది" అన్నాడు గల్లీ అంతా వినేటట్టు.

లోపలికొచ్చి దిండ్లు తీసేసి, అమ్మ వెనక తాను కూర్చొని ఆమెను ఛాతీకి ఆనించుకున్నాడు. నేను వేళకు మందు పోశాను. అత్త తులసి నీళ్లతో పెదాలు తడిపింది. రాత్రి, దిండ్లు పెడతాను, కొంచెం నడుం వాల్చమంటే అన్న వినలేదు.

పొద్దున నేను చాయ్ తెచ్చేసరికి ఇద్దరూ అట్లాగే ఉన్నారు. అమ్మ తల అన్న భుజం మీద ఉంది. చప్పుడు చెయ్యొద్దని అన్న నోటి మీద వేలు పెట్టుకున్నాడు. చాయ్ కింద పెట్టి అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఎప్పుడు, అన్నా?"

"చాన సేపాయె చెల్లే. ఎవల్ని పిలువకు, జరసేపు గిట్లనే ఉండనియ్యి."