బాపు మార్పించిన గేరు రాడ్

నిన్న స్కూటీ రిపేరుకు హనుమకొండ షెడ్డుకు వెళ్తే, అక్కడ ఒక పాత స్పోర్ట్స్ కారుకు గేరు రాడ్ మారుస్తున్నారు. "మొత్తం అరిగింది మేడం, గేరు నిలుస్తలేదు" అంటూ మెకానిక్ పాత రాడ్‌ను నా కాళ్ల దగ్గర పడేశాడు.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, జీపు ముందు సీట్లో కూర్చుంటే గేరు రాడ్ మన మోకాళ్ల మధ్యకు వచ్చేది? మా బాపు నడిపే జీపులో రెండో గేరు జారిపోయేది. ఎండకు చెయ్యి కాలకుండా అమ్మ దాని గుండుకు గంజి పెట్టిన మగ్గం నూలు చుట్టింది. గంజి, డీజిలు కలిసిన వాసన వచ్చేది. ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని రెండు చేతులతో ఒత్తి పట్టుకోవడం నా పని.

అమ్మకు నొప్పులొచ్చిన రోజు తొర్రూరు నుంచి దవాఖానకు బయలుదేరాం. "బిడ్డా, ఇడువకు" అన్నాడు బాపు. వంతెన ఎక్కుతుంటే వెనక సీట్లో అమ్మ అరిచింది. నేను చేతులు వదిలి వెనక్కి తిరిగాను. గేరు జారి బండి వెనక్కి దొర్లింది, ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టయ్యి దవాఖాన చేరేసరికి ఆలస్యమైంది. తమ్ముడు దక్కలేదు.

"ఇడిచినవా బిడ్డా?" అని బాపు ఒక్కసారే అడిగాడు.

"లే బాపూ, పట్టుకొనే ఉన్న" అన్నాను.

వారం తిరక్కుండా రాడ్ మార్పించాడు. తాను పోయేదాకా "ముందుగాల్నే మార్పిస్తే పిల్లగాడు బతుకుతుండె" అని తనను తానే తిట్టుకున్నాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను.