మున్సిపల్ కాంప్లెక్సులో వైన్స్

మా ఊరి మున్సిపల్ కాంప్లెక్సులో ఆడవాళ్ల బాత్‌రూమ్‌కు పోవాలంటే వైన్స్ ముందు గుంపును దాటాల్సి వచ్చేది. మిర్యాలగూడ, కోదాడ బస్సులు దిగిన ఆడవాళ్లు అటొకసారి చూసి, ఇల్లు చేరేదాకా బిగబట్టుకునేవాళ్లు. కౌన్సిలర్‌నై ఉండి నేనూ అంతే.

సర్కారు జాగాలో మందు అమ్మొద్దన్న తీర్మానం కౌన్సిల్ ముందుకొచ్చిన రోజు, మగవాళ్లు గంటసేపు మున్సిపాలిటీ ఆదాయం గురించే వాదించుకున్నారు. చేతులెత్తే సమయానికి పక్క వార్డు కౌన్సిలర్ నావైపు వంగి, "అక్కా, ఇంతకీ బావ ఏమన్నడు?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది.

"బావ సంగతెందుకు తమ్మీ? ఆయనకు ఏ గోడైనా సరిపోతది," అన్నాను, అందరికీ వినపడేలా.

ముందు నేనే చెయ్యెత్తాను. తర్వాత ఒక్కొక్క చెయ్యే లేచింది.

వైన్స్ ఖాళీ చేసిన మర్నాడు, అవసరం లేకపోయినా, ఆ బాత్‌రూమ్‌కు ఒకసారి వెళ్లొచ్చాను.