సగం విప్పిన పందిరి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళిపందిళ్ళను అలంకరించేది మా మేనత్త. పేరు మాత్రం మా అమ్మది. అత్త భర్త చనిపోయి అప్పటికి పన్నెండేళ్ళు. భర్త లేని మనిషి చేయి పెళ్ళిపూలకు తగలకూడదని ఆచారం. అందుకని అత్త మా పెరటి వసారాలో కూర్చుని అన్నీ కట్టేది. అమ్మ వాటిని వెదురు తట్టలో పెట్టుకుని ముందు వాకిలి గుండా పెళ్ళివారింటికి తీసుకుపోయేది. ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు. తెలియనట్టు నటించడం కూడా అందరికీ తెలుసు.

ఇరవై నాలుగేళ్ళ ఓవర్సీరును నేను చిన్ననాటి కబుర్లు చెబితే పెద్దలు నవ్వవచ్చు. నవ్వనీ. అప్పుడొక పెళ్ళిలో వచ్చిన కోపం నాకింకా చల్లారలేదు. చల్లారకముందే రాసిపెట్టడం మంచిదనిపించింది.

అత్త పనికి ఒక లెక్క ఉండేది. పందిరికి పన్నెండు గుంజలు. పైన కానుగ కొమ్మలు, ఆకుల నునుపు వైపు కిందికి ఉండేలా, మూడు వరసలు. తోరణాలకు దారం వాడేది కాదు. కిత్తనారను రాత్రంతా నానబెట్టి కట్టేది. తడిగా ఉన్నప్పుడు వేలికి చెప్పినట్టు వింటుంది, ఆరాక ముడి జారదు. జొన్నదంటు ఒలిచి లోపలి బెండును రేకులుగా కోసి పువ్వులు చేసేది. ఈతాకుతో చిలకలు అల్లేది. వధువు పూలజడకు, దండలకు మాత్రం నిజమైన కనకాంబరాలే. మా పెరట్లో ముప్ఫై రెండు మొక్కలు ఉండేవి. నేను లెక్కపెట్టాను.

అది వరసగా రెండో ఏడాది వానలు లేని కాలం. కళ్యాణదుర్గం దాటి బెళుగుప్ప దాకా ఏ బావిలో చూసినా అడుగున బురదే. ఊరంతటికీ వంక ఇసకలో తవ్విన చెలమ ఒక్కటే గతి. ఒక కడవ ఊరడానికి పావుగంట పట్టేది. అత్త తెల్లవారకముందే పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, గిన్నెతో తోడి తెచ్చేది. మొక్కకు ఒక చెంబు. ఆమె మాత్రం వారానికొకసారి తలకు పోసుకునేది.

ఆ ఏడు ఊరి పెద్దాయన తన కూతురికి పెళ్ళి పెట్టుకున్నాడు. మగపెళ్ళివారిది యాడికి అనే ఊరి వైపు. చుట్టుపక్కల పువ్వన్నది మా పెరట్లోనే ఉంది కాబట్టి, ఎప్పటిలాగే మా అమ్మ పేరు మీద అత్తకు పని వచ్చింది. తొమ్మిది రోజులు చేసింది. తుదిపని కోసం పెళ్ళికి ముందు చీకట్లో పందిట్లోకి వెళ్ళి, తెల్లవారేసరికి బయటికి వచ్చేసింది.

సరిగ్గా ఆ నెలలోనే మా బడిలో అయ్యవారు మూడు గడుల పట్టిక గీయడం నేర్పారు. నాకు అదొక పిచ్చి అయింది. అత్త చేసినవన్నీ నోటుపుస్తకంలో ఎక్కించాను. వస్తువు, ఎన్ని, చేసినవారు. మూడో గడి నిండా ఒకే మాట ఉండటం అందంగా కనబడింది నాకు.

పెళ్ళిరోజు ఆ పుస్తకం చంకలో పెట్టుకుని పందిట్లో తిరుగుతూ చిలకలు సరిపోయాయో లేదో చూసుకుంటున్నాను. పెళ్ళికొడుకు చిన్నాయన పట్టుకున్నాడు. "ఏమప్పా చిన్న కరణం! మా కట్నాలన్నీ రాసుకుంటాండావా?" అంటూ పుస్తకం లాక్కుని, అందరూ నవ్వేలా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. తోరణాలు పదహారు, అత్త. చిలకలు నలభై, అత్త. బాసికాలు రెండు, అత్త. పూలజడ ఒకటి, అత్త.

"ఈ అత్త ఎవరప్పా, ఇంత పనిమంతురాలు?"

"మా నాయన అక్క. మా అమ్మకు ఇవేమీ రావు" అన్నాను గర్వంగా.

"ఆమె మొగుడేం చేస్తాడు?"

"లేడు. ఎప్పుడో చచ్చిపోయినాడు."

బడిలో సరైన జవాబు చెప్పినట్టే చెప్పాను. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. "ముండమోసిన చేత్తో చేసిన జడా మా కోడలికి?" అని పెళ్ళికొడుకు పెద్దమ్మ లోపలికి పరుగెత్తింది. సూదితో వెంట్రుకలకు కుట్టిన జడను అలాగే పట్టి లాగేసింది. పెళ్ళికూతురు "అబ్బా!" అని అరిచిన అరుపు పందిట్లోకి వినబడింది. జడ గడప దాటి వచ్చి మట్టిలో పడింది. ఆ పడిన చోటు ఇప్పటికీ చూపించగలను. మా నాయన రెండు చేతులూ జోడించి, "పొరపాటయింది సామీ" అంటున్నాడు. ఏది పొరపాటో ఆయన చెప్పలేదు.

ఏదైనా ముడి వదులైతే చెప్పి పంపుదామని అత్త ఎప్పుడూ పశువుల కొట్టం వెనక నిలబడి ఉండేది. ఆ రోజు అక్కడి నుంచి చుట్టూ తిరిగి, ముందు వైపు నుంచి, నడిపందిట్లోకి వచ్చింది. పూజకు వచ్చినట్టు నెమ్మదిగా వచ్చింది. ముఖం మాత్రం కాలిన పెనంలా ఉంది.

"నేను ముట్టినవి మీకు పనికిరావు, అంతేనా? సరే. నావి నేను విప్పుకుంటా. పుస్తకం తీసుకోప్పా. వరసగా చదువు."

నేను ఏడుస్తూ చదివాను. తోరణాలు పదహారు. ఆమె ఒక్కొక్క ముడి కోసి, లెక్కపెట్టి, కింద పెట్టింది. చిలకలు నలభై. కిందికి దిగినవీ నలభై. పై కప్పు కానుగ కొమ్మలు. వాటిని లాగడం మొదలుపెట్టింది మగపెళ్ళివారు కూర్చున్న వైపు నుంచి. పన్నెండు గంటల ఎండ వాళ్ళ నెత్తిన పడింది.

"ఓయమ్మా, నెత్తి మాడిపోతాండాది, ఆపు తల్లీ!" అన్నాడొక ముసలాయన రుమాలు సర్దుకుంటూ.

"ఆకు నేను కట్టిందే కదన్నా, దాని నీడ మాత్రం మైల కాదా" అంది అత్త. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

సగం పందిరి బోసిపోయాక పెద్దాయన లేచాడు. "ఇంక చాలమ్మీ. ముహూర్తం దాటిపోతాంది. ఊరి మర్యాద చూడు."

"ఆపుతా. ఇవి కట్టింది ఎవరో ఊరోళ్ళు ఒక్కరు నోరు తెరిచి చెప్పండి. మళ్ళీ నా చేత్తోనే కడతా."

నూట యాభై మందికి తక్కువ లేరు. అత్త కట్టిన జడలతో పెళ్ళయిన ఆడవాళ్ళే పదిమంది ఉన్నారు అక్కడ. అందరూ నేల చూశారు. మా నాయన కూడా నేలే చూశాడు. చివరికి ఒక మూల నుంచి మా అమ్మ గొంతు వినబడింది.

"మా వదినే కట్టింది. పన్నెండేండ్ల నుంచీ వదినే కడతాంది. నాకు ముడి వేయను కూడా రాదు."

అత్త మళ్ళీ కట్టడానికి కింది కొమ్మ అందుకోబోయింది. అంతలో పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. దానికేముంది, మంత్రించి నీళ్ళు చల్లితే దోషం పోతుందన్నాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. గుంజ పక్కన ఉన్న గంగాళంలో చెంబు ముంచి తెచ్చారు. ఆయన మామిడాకు తడిపి చేయెత్తాడు.

అత్త నా వైపు తిరిగింది. "ఇంకొక వరస మిగిలింది కదప్పా. చదువు."

చదివాను. "గంగాళానికి నీళ్ళు, ఎనిమిది కడవలు. మోసింది అత్త."

"చల్లు సామీ" అంది అత్త. "ఊళ్ళో ఈ పొద్దు వేరే నీళ్ళు యాడుండాయో చూపించి, అవన్నా చల్లు."

ఆయన చేయి గాలిలోనే ఆగింది. ఆకు చివర నుంచి మూడు చుక్కలు రాలాయి. తర్వాత ఆకును చెంబులో పెట్టేశాడు. అత్త మట్టిలో పడిన జడను ఎత్తి, దులిపి, కొంగులో వేసుకుని, ముందు దారినే ఇంటికి నడిచింది. ఆ పెళ్ళి సగం పందిరి కింద, ఉత్త జడతో జరిగింది. మిగతా సగం కట్టడం ఆ ఊళ్ళో ఎవరికీ రాదు మరి.

ఇంటికి వచ్చాక నా వల్లే ఇదంతా అని ఏడ్చాను. అత్త కాళ్ళు కడుక్కోకుండా, నీళ్ళు దండగని, గుడ్డతో తుడుచుకుంటూ, "రాసింది తప్పయితే దిద్దుకో. తప్పు లేకుంటే ఏడుపెందుకు?" అంది. పట్టిక మళ్ళీ మొదటి నుంచి చూశాను. తప్పు లేదు.

ఆ తర్వాత కూడా జనం పెరటి తలుపు కొట్టారు. "ముందు వాకిట్లోకి రాండి. పందిట్లో కూర్చుని కడతా" అనేది. కొందరు ఒప్పుకున్నారు. చాలామంది పోయి రంగు కాగితాలు తెచ్చుకుని అంటించుకున్నారు.

ఆ పెళ్ళికొడుకు పెద్దమ్మ మీద, పురోహితుడి మీద నాకున్న కోపం చిన్నది. పెద్ద కోపం మా ఇంటి మీదే. ఆ తట్ట పన్నెండేళ్ళు మోసింది మేమే. పెళ్ళిళ్ళలో అమ్మకు పెట్టిన రవికగుడ్డలు తెచ్చుకున్నది మేమే. అమ్మ ఆ మాట చెప్పింది కాబట్టి ఆమెను క్షమించాను. అంత ఆలస్యంగా చెప్పింది కాబట్టి పూర్తిగా క్షమించలేకపోయాను. నాయనను ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఏమంటానో నాకే భయం.

ఇప్పుడు ఏ పెళ్ళికి పోయినా, ఈ పూలు కట్టిందెవరని అడుగుతాను. ఇంటాయన ఎవరిదో పేరు చెబుతాడు. ఆ మనిషిని చూపించమంటాను. ఓవర్సీరుకు పిచ్చి అంటారు. పోయిన మాఘంలో ఒక ఇంట్లో పంక్తిలో కూర్చోబోతుండగా, పెరటి తలుపు సందులోంచి పూలదండల తట్టను ముందుకు తోస్తున్న ఒక చేయి కనబడింది. గాజుల్లేని చేయి. లేచి అక్కడికి నడిచాను. "అమ్మా, ముందుకు రా" అని పిలిచాను. ఆమె రాలేదు. నేనూ తిరిగి విస్తరి ముందుకు పోలేదు.